లెక్కలోకి రాని అక్క

మా అమ్మకు మనుషుల మీద కంటే కంప్యూటర్ల మీద నమ్మకం ఎక్కువ. మనుషుల్ని నమ్మి ఆమె చాలాసార్లు దెబ్బతింది. కంప్యూటర్ మాత్రం ఆమెకు ఎప్పుడూ అన్యాయం చేయలేదట. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ తప్పు పడినప్పుడు కూడా అది టైపు కొట్టిన పిల్లవాణ్ణి తిట్టింది గానీ కంప్యూటర్‌ను ఒక్క మాట అననివ్వలేదు. అందుకే, మా కాలేజీవాళ్లు మా చర్చి కూటాల సంగతులు రాసిన పాత మినిట్స్ పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారని నేను చెప్పిన రోజున, బీరకాయ చెక్కు తీస్తున్నదల్లా ఆగి నా వైపు తిరిగింది.

"గా పుస్తకాలల్ల మీ అవ్వ పేరు వస్తదా?" అని అడిగింది.

"రాకుంట ఎట్లుంటదమ్మా? అన్నేండ్లు సంఘాన్ని నడిపింది ఆమెనే గద."

"గట్లయితే మంచిది. కమిటోళ్లు గా నూరేండ్ల పుస్తకంల ఏస్తరు. కంప్యూటర్ చెప్పినంక కాదనేటోళ్లు ఎవ్వలు?"

ఆమెకు కావలసింది అదొక్కటే. శామీర్‌పేట అవతల ఉన్న మా ఊరి చర్చికి నూరేళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా సంఘ చరిత్ర అచ్చు వేస్తున్నారు. అందులో వాళ్లమ్మ పేరు ఒక్కచోట కనబడాలి. ఫొటో అడగలేదు, పొగడ్త అడగలేదు. ఇంత చిన్న కోరికను కూడా తీర్చలేకపోయాం. నేను ఇది కోపంతోనే రాస్తున్నాను. కోపం చల్లారాక రాయమని స్నేహితులు చెప్పారు గానీ, అది చల్లారే రకం కాదు.

అవ్వ అంటే అమ్మ వాళ్లమ్మ. చర్చి కట్టిన మిషనరీ దొరలు వెళ్లిపోయాక చాలా ఏళ్లపాటు మా సంఘానికి పాస్టర్ లేడు. ఆ ఏళ్లలో ఆదివారం ప్రార్థన నడిపింది అవ్వ. చుట్టుపక్కల పల్లెలకు నడిచిపోయి ఆడవాళ్లకు వాక్యం చెప్పింది, చర్చి అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. నేను చూసేనాటికి ఆమె మంచం పట్టింది. అయినా మేం పిల్లలం పాటను సాగదీస్తే స్టీలు గ్లాసు అంచు మీద వేలితో కొట్టి తాళం సరిచేసేది. ఆమె పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఉండవలసిన చోట లేని పేరును ఎక్కడ పడితే అక్కడ పెట్టడం నాకు ఇష్టం లేదు.

నేను చదివింది చరిత్ర. పని చేసేది జవహర్‌నగర్ పక్కనున్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో. అక్కడ చరిత్ర మనిషికి ఏం పని అని మీరు అడగవచ్చు, మా యాజమాన్యం కూడా ప్రతి ఏడూ అదే అడుగుతుంది. ఫస్టియర్ పిల్లలకు నైతిక విలువలు బోధిస్తాను, ఫంక్షన్లకు వందన సమర్పణ రాసిస్తాను, గోడ మీద రాసే సూక్తుల్లో తప్పులు దిద్దుతాను. గాలి ఇటు తిరిగిన రోజున జవహర్‌నగర్ చెత్త డంపు వాసన పిల్లలందరి కంటే ముందు క్లాసులోకి వచ్చి కూర్చుంటుంది. కిటికీలు మూస్తే ఉక్కపోత, తెరిస్తే కంపు. విలువల పాఠం ఆ రెంటి మధ్యే సాగుతుంది.

కంప్యూటర్ డిపార్ట్‌మెంట్‌లో ఒక సారు ఉన్నారు. గోదావరి వైపు నుంచి వచ్చి బౌరంపేటలో గేటు ఉన్న కాలనీలో స్థిరపడ్డారు. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబుద్ధి కాకపోవచ్చు. పాత పత్రాలను సాఫ్ట్‌వేర్‌తో చదివించే ప్రాజెక్టు ఒకటి ఆయనకు వచ్చింది. పాత పత్రాలు ఎక్కడ దొరుకుతాయని నన్ను అడిగారు. కాలేజీలో చేరిన ఇన్నేళ్లకు నన్ను చరిత్ర మనిషిగా గుర్తించి అడిగిన మొదటి ప్రశ్న అది. ఉబ్బిపోయి మా చర్చి బీరువా సంగతి చెప్పాను.

"మనిషి చదవాలంటే ఏళ్లు పడుతుందండీ," అన్నారాయన. "సాఫ్ట్‌వేర్ అన్నిటినీ ఒకేసారి చదువుతుంది. ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, దేని పక్కన ఏది వచ్చింది, ఎవరి పేరు ఎవరితో కలిసి వచ్చింది, అన్నీ లెక్క కడుతుంది. ఆ సంఘంలో ముఖ్యులెవరో బొమ్మ గీసి మరీ చూపిస్తుంది. మనిషికి ఉండే అభిమానాలూ పక్షపాతాలూ దానికి ఉండవు కదండీ."

నేను గంగిరెద్దులా తలూపాను. అభిమానాలు లేనిది ఒకటైనా లోకంలో ఉండాలని నాకూ ఆశే.

బీరువా తాళం సంఘ పెద్ద దగ్గర ఉంటుంది. మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, అమ్మను అక్కా అని పిలుస్తాడు, నన్ను ఎత్తుకుని తిరిగాడు. వాళ్ల నాయిన చాలా కాలం సంఘ సెక్రటరీగా ఉండి ఆ మినిట్స్ రాశాడు. "పుస్తకాలు ఇస్తం సారూ. గనీ మీరు తీసే చరిత్ర మా నూరేండ్ల పుస్తకానికి ఇయ్యాలె," అని షరతు పెట్టాడు. సారు ఒప్పుకున్నారు. స్కానింగ్ అయింది. ఆ తర్వాత పాత చేతిరాతను యంత్రం చేత చదివిస్తే అది చదివింది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రార్థన కూటము అన్న మాట కాస్తా ఏ భాషకూ చెందని అక్షరాల కుప్పగా మారింది. చివరికి ఫైనలియర్ అమ్మాయిలు కొందరూ నేనూ కూర్చుని అంతా చేత్తో టైపు చేశాం.

నిజం చెప్పాలంటే ఆ టైపింగ్ రోజులే బాగున్నాయి. మధ్యాహ్నం క్లాసులయ్యాక ల్యాబ్‌లో ఏసీ కింద కూర్చుని పాత సెక్రటరీల గుండ్రటి అక్షరాలు చూసి కొట్టేదాన్ని. ప్రతి పేజీలో అవ్వ ఉంది. "అక్క గారు చెరువు అవతలి పల్లెకు పోయి వచ్చిన సంగతి తెలియజేసిరి." "జ్వరముల వలన ఎవరును రాలేదు. అక్క గారును కొందరు స్త్రీలును ప్రార్థన జరిపిరి." "అక్క గారి ప్రార్థనతో కూటము ముగిసెను." పాస్టర్ లేని ఆ ఏళ్లలో ఏ కూటం చూసినా ఆ చివరి వాక్యంతోనే ముగుస్తుంది.

పేరు మాత్రం ఎక్కడా లేదు. మా వైపు వాళ్లకు ఇది వింతేమీ కాదు. పెద్దదానిగా చూసే ఆడమనిషిని పేరు పెట్టి పిలవడం తలపొగరు కింద లెక్క. పిలవడమే తప్పయినప్పుడు సంఘం పుస్తకంలో రాయడం ఇంకా పెద్ద తప్పు. మగవాళ్లయితే పేరు రాసి పక్కన అన్న అనో అయ్య అనో తగిలించేవాళ్లు. ఆడవాళ్లకు అక్క, అమ్మ, అవ్వ, వదిన, అంతే. సెక్రటరీ అవమానించాలని రాయలేదు. భక్తితో, గౌరవంతో, చక్కటి దస్తూరితో పేరు ఎగరగొట్టాడు.

సాయంత్రం గుండ్లపోచంపల్లిలో మా అద్దె ఇంటికి వచ్చాక ఆ వాక్యాలు అమ్మకు చదివి వినిపించేదాన్ని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేది. ప్యాకెట్ బియ్యంలో రాళ్లు ఉండవని ఎన్నిసార్లు చెప్పినా ఏరుతుంది. "గది అమ్మనే," అనేది ప్రతి వాక్యానికీ. "ఎట్ల చెప్తవ్?" అని ఆటపట్టిస్తే, "అప్పుడు ఇంకెవ్వలున్నరే? గా జ్వరాల పరేషాన్ల అందరు పారిపోయిన్రు. గా చెరువు అవతలికి నన్ను గూడ సంకల ఏసుకొని పోయింది," అనేది. అలా చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చేది. డెబ్బై దాటిన మనిషి చంటిపిల్లలా మురిసిపోవడం చూసి నాకు గర్వంగా ఉండేది.

టైపింగ్ అయిపోయింది. సారు మొదటి లెక్క తీసి మమ్మల్ని పిలిచారు. ఎక్కువసార్లు వచ్చిన మాట పెద్ద అక్షరాల్లో, తక్కువసార్లు వచ్చింది చిన్న అక్షరాల్లో తెర మీద కనబడింది. అన్నిటికంటే పెద్దగా 'మరియు', 'గారు', 'అని', 'ఈ'. సారు నవ్వారు. "ఇవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయండీ. వీటివల్ల మనకు తెలిసేదేం లేదు. అందుకే వదిలేసే మాటలని ఒక జాబితా పెట్టుకుంటాం. ఇందులో వేసిన మాటల్ని సాఫ్ట్‌వేర్ అసలు చూడదు," అని అవన్నీ అందులో వేసి మళ్లీ నడిపించారు.

ఈసారి తెర నిండా అక్క, అన్న, అయ్య, అవ్వ, వదిన, తాత, అమ్మ.

"ఇవి మినిట్సా, పెళ్లి పిలుపులా మేడమ్ గారూ?" అన్నారు సారు. అమ్మాయిలు నవ్వారు, నేనూ నవ్వాను. నా నవ్వు పూర్తవకముందే ఆయన ఆ వరుసలన్నిటినీ వదిలేసే మాటల్లో వేసేశారు. తెర మారింది. ఇప్పుడు పేర్లు వచ్చాయి. అన్నీ మగ పేర్లే.

"సర్, ఒక్క నిమిషం," అన్నాను. "మగవాళ్లకు పేరు పక్కన అన్న ఉంది. అన్న తీసేసినా పేరు మిగులుతుంది. ఆడవాళ్లకు అక్క ఒక్కటే ఉంది. అది తీసేస్తే వాళ్లకు ఏం మిగలదు."

"ఒక్కరికి కూడా పేరు లేదాండీ?"

"ఒక్కరికి కూడా లేదు."

"మరి పేరు లేనివాళ్లను బొమ్మలో ఎలా చూపిస్తాం? డేటాలో లేనిది మనం కల్పించకూడదు కదా."

"డేటాలో ఉంది సర్. మీరు తీసేశారు."

ఆయన కాసేపు తల గోక్కున్నారు. విన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. "మీరు చెప్పేది అర్థమైందండీ. కానీ అక్క అనే మాట ఒక మనిషి కాదు, ఒక వరుస. వరుసలు ఉంచితే మొత్తం బొమ్మ గజిబిజి అవుతుంది," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "మీ నాయనమ్మ గారి పేరేంటి సర్?" అని అడిగాను.

"మామ్మ అనేవాళ్లమండీ," అన్నారాయన. తర్వాత ఇబ్బందిగా నవ్వి, "చూశారా, పేరు తెలియకపోయినా ఆవిడ చేతి ముద్ద తినే పెరిగాం. పేరుదేముందండీ," అన్నారు.

పేరున్నవాళ్లే ఆ మాట అంటారు. ఆయన పేరు ఆయన క్యాబిన్ తలుపు మీద ఇత్తడి పలక మీద ఉంది, ప్రాజెక్టు కాగితాల మీద ఉంది, తెరిచిన ప్రతి ఫైలు అడుగున ఉంది. గడువు దగ్గరపడిందనీ, ఇప్పటికి ఇలా ఇచ్చేసి తర్వాత తీరిగ్గా మళ్లీ నడిపిద్దామనీ చెప్పి, టిఫిన్ డబ్బాలోంచి పులిహోర పెట్టారు. తిన్నాను. బాగుంది కూడా.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చిలో పాటలు చూపించే తెర మీదే ఆ బొమ్మ చూపించారు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గుండ్రం, వాటి మధ్య గీతలు. ఎవరి పేరు ఎక్కువసార్లు వస్తే వాళ్ల గుండ్రం అంత పెద్దది. అన్నిటికంటే పెద్ద గుండ్రం సంఘ పెద్ద వాళ్ల నాయినది. రాసిన మనిషే అందరికంటే పెద్దవాడయ్యాడు. ఆయన కాలంలో ప్రతి కూటం మినిట్స్ కింద సంతకం ఆయనదే మరి. సంఘ పెద్ద లేచి నిలబడి, "మా నాయిన గంతగనం పెద్దగున్నడా!" అని రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరి తాతను వాళ్లు వెతుక్కున్నారు, దొరికినవాళ్లు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు.

అమ్మ ఆడవాళ్ల వైపు ముందు వరుసలో, చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు నెమ్మదిగా చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, చుట్టుపక్కల అందరికీ వినబడేలా, "బిడ్డా, మీ అవ్వ ఏది?" అని అడిగింది.

"ఇంక ఉన్నదమ్మా, తర్వాత వస్తది," అన్నాను. ఆ తర్వాత ఏమీ లేదని నాకు తెలుసు.

సంఘ పెద్ద ఆమె దగ్గరికి వచ్చి ప్రేమగానే చెప్పాడు. "అక్కా, కంప్యూటర్‌కు మనోళ్లు పరాయోళ్లని ఉండదు. ఉన్నదున్నట్టు చెప్తది." అమ్మ తలూపింది. ఆమె నమ్మకమే ఆయన నోట వచ్చింది మరి.

ఆ సాయంత్రం ఆమె బియ్యం ముట్టుకోలేదు. టీవీ పెట్టుకుని దాని వైపు చూడకుండా కూర్చుంది. కాసేపటికి, "నేను చిన్నపిల్లను గద అప్పుడు. నాకు అమ్మ అంటె మస్తు పెద్దగ అనిపించిందేమో. నిజానికి గంత చెయ్యలేదేమో," అంది.

ఒక జాబితాలో వేసిన చిన్న మాట, జీవితమంతా వాళ్లమ్మను తలుచుకుంటూ బతికిన మనిషి చేత వాళ్లమ్మనే అనుమానించేలా చేసింది. సారును తిట్టాను, సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను, పేరు రాయని సెక్రటరీని వాళ్ల ఏడు తరాలతో కలిపి తిట్టాను. తిట్లతో అమ్మ ముఖం మారలేదు.

మర్నాడు ల్యాబ్‌లో అమ్మాయిల పక్కన కూర్చుని ఆ సాఫ్ట్‌వేర్ నడపడం నేర్చుకున్నాను. వదిలేసే మాటల్లోంచి వరుసలన్నీ తీయించాను. మళ్లీ నడిపితే తెర నడిమధ్య అక్క అనే గుండ్రం లేచింది. మిగిలినవాళ్లందరూ దాని చుట్టూ అటుకులు చల్లినట్టు పడి ఉన్నారు. సంఘ పెద్ద వాళ్ల నాయిన కూడా. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు, ఎందుకంటే అందులో చిక్కు ఉందని నాకు తెలుసు. నూరేళ్లలో అవ్వ ఒక్కతే అక్క కాదు. ముందూ వెనకా వేరే అక్కలూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ అందరినీ కలిపి ఒకే మనిషిని చేసింది. సారు చెప్పిన గజిబిజి అబద్ధం కాదు.

అందుకని పాస్టర్ లేని ఏళ్ల మినిట్స్ మాత్రమే విడదీశాను. ఆ కాలంలో పని చేసిన అక్క ఒక్కతే, ఆ సంగతి ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. ఆ ముక్క ఒక్కటే నడిపినా నడిమధ్య అక్కే ఉంది. ఆ బొమ్మను సారుకు చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "మీరన్నది కరెక్టేనండీ. నేను తొందరపడ్డాను," అన్నారు. అప్పటికప్పుడే సంఘ పెద్దకు ఫోన్ చేసి చెప్పారు కూడా. అంత మంచితనం ముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

నేను ప్రింటు పట్టుకుని సంఘ పెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన చూశాడు. "గిండ్ల మా నాయిన గింతే ఉన్నడేంది?" అన్నాడు ముందు. తర్వాత, "అక్క అనే ఉన్నది గద బిడ్డా, మీ అవ్వ పేరు లేదు గద. నువ్వు చెప్తున్నవు, కంప్యూటర్ చెప్తలేదు," అన్నాడు.

"మీరు చిన్నప్పుడు అక్షరాలు ఎవరి దగ్గర నేర్చుకున్నరు?" అని అడిగాను.

"అక్క తాననే."

"ఏ అక్క?"

ఆయన నవ్వాడు, కాస్త సిగ్గుపడ్డాడు. "సరే బిడ్డా. కమిటీల పెడత. వాక్యం చెప్పిన ఉపదేశకుల వరుసల ఏస్తం. తప్పకుంట ఏస్తం," అని నా తల మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చాడు. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే ఆమె బియ్యం చాట ముందేసుకుంది. నాకు అది చాలనిపించింది.

నూరేళ్ల పండుగ రోజున చర్చి ముందు షామియానా వేశారు. ఒకవైపు పాటలు, ఇంకోవైపు బగారన్నం గిన్నెలు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. పుస్తకం ఆవిష్కరించగానే మొదటి కట్టలోంచే ఒకటి తెప్పించుకుంది. ఆమె మెల్లగా, వేలు పెట్టి చదువుతుంది. ఆ చదువు కూడా అవ్వ చెప్పిందే. సంఘ సేవకులు అనే పేజీ దొరికింది. ఉపదేశకులు అనే వరుస దొరికింది. వేలు ఒక్కొక్క పేరూ దాటుకుంటూ పోయి ఒకచోట ఆగింది. నేను వంగి చూశాను.

అక్కడ ఉన్నది తాత పేరు. ఇంటిపేరుతో సహా, చివర గారు తగిలించి.

సంఘ పెద్ద అటే వచ్చాడు, ముఖం నిండా నవ్వు. "కుటుంబాలన్నిటికి ఇంటి పెద్ద పేరు పెట్టినం అక్కా. అందరికి గదే పద్ధతి. జూడు, మీ నాయిన పేరు ఎంత మంచిగ వచ్చిందో. సంతోషమేనా?"

చుట్టూ చుట్టాలు, చేతుల్లో ప్లేట్లు. అమ్మ ఆయన వైపు చూసి, "సంతోషమే తమ్మీ," అంది. బగారన్నం తింది. అందరితో ఫొటోలు దిగింది. మేడ్చల్ దాకా బస్సులోనూ, అక్కడి నుంచి ఆటోలోనూ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తాత నేను పుట్టక ముందే పోయాడు. ఆయన గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, పోయినవాడి గురించి ఏం మాట్లాడతారులే అనుకునేదాన్ని. ఇంటికి వచ్చాక అమ్మ చీర కూడా మార్చుకోకుండా వంటింటి గడప మీద కూర్చుని చెప్పింది.

"మా నాయిన గా చర్చి మెట్టు ఎన్నడు ఎక్కలే, నీకెర్కనా? అమ్మ పల్లెల మీదికెల్లి వచ్చేసరికి తలుపుకు గడె ఏసేటోడు. ఎంత పిలిచినా తియ్యకపోతుండె. నన్ను సంకల ఏసుకొని పోయి చర్చి అరుగు మీద పండేది. తెల్లారి గాడ్నే మొకం కడుక్కొని బడి షురూ జేసేది. ఊరోళ్లకు ఏమెర్క? అక్కకు ఎంత భక్తి, అందరి కంటె ముందుగాల్ల వచ్చి కూసున్నది అనేటోళ్లు. అమ్మ ఒక్కనాడు గూడ కాదని చెప్పలే."

నేను టైపు చేసిన వాక్యం ఒకటి గుర్తొచ్చింది. "అక్క గారు ఎల్లప్పుడును సూర్యోదయమునకు పూర్వమే మందిరమునకు విచ్చేయుచున్నందుకు సంఘము కృతజ్ఞత తెలిపెను." కొట్టేటప్పుడు దాన్ని రెండుసార్లు చదువుకుని పొంగిపోయాను. ఏ సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం చెబుతుంది? చరిత్ర చదివిన నాకే ఆ వాక్యంలో భక్తి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ పూట నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు.

మర్నాడు సంఘ పెద్దకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు అరిచాను. తాత పేరు తీసేసి అవ్వ పేరు వేయమన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "సచ్చిపోయిన పెద్దమనిషి పేరు కొట్టేస్తె పాపం బిడ్డా. మీ మేనమామలు ఊకుంటరా? నాతోని కొట్లాటకు వస్తరు," అన్నాడు. సాయంత్రానికి ఆయనే మళ్లీ ఫోన్ చేశాడు. "కమిటీల మాట్లాడిన. పుస్తకాలు సరిపోలే, ఇంకో విడత అచ్చుకు పోతాంది. మీ తాత పేరు కింద మీ అవ్వ పేరు ఏస్తం. అసలు పేరే ఏస్తం, అక్క అని గాదు. ఇగ సరేనా?"

సరే అనబోయాను. అవ్వ అసలు పేరు, అచ్చు అక్షరాల్లో, సంఘం పుస్తకంలో. అమ్మ అడిగిందే అది. అమ్మను అడిగి చెబుతానని ఫోన్ పెట్టేసి డాబా మీదికి పరుగెత్తాను. ఆమె ఆరిన బట్టలు తీస్తోంది. చెప్పాను. ఆమె క్లిప్పులన్నీ తీసి బుట్టలో వేసింది.

"వద్దను," అంది.

"ఏందమ్మా? నువ్వు అడిగింది గదే గద."

"ఆయన కింద వద్దు. బతికినన్ని దినాలు ఆయన కిందనే ఉన్నది. ఇగ పుస్తకంల గూడ ఆయన కిందనే ఉండాల్నా? ఒద్దని చెప్పు."

ఎంత బతిమాలినా వినలేదు. సంఘ పెద్దకు చెబితే, "మీకు ఏం జేసినా తృప్తి లేదు బిడ్డా," అని ఫోన్ పెట్టేశాడు. ఆయన కోణం నుంచి చూస్తే అదీ నిజమే.

రెండో విడత పుస్తకాలు వచ్చాయి. ఒకటి మా ఇంటికీ పంపారు. నేనే తెరిచి చూశాను. ఉపదేశకుల వరుసలో తాత పేరు అలాగే ఉంది. దాని కింద నుంచి వేరే కుటుంబం మొదలవుతుంది.